ఆరో గోలు

మద్దిలపాలెం వెనక ఫుట్‌బాల్ గ్రౌండ్ గేటును ఆనుకుని సూర్యకాంతమ్మ టీ కొట్టు ఉంది. కాలేజీ టోర్నమెంటు నడిచే ఆ మూడు వారాలూ మధ్యాహ్నం మూడు దాటితే అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. వచ్చేవాళ్లలో సగం మంది ఎప్పుడో ఆడి మానేసినవాళ్లు. మిగతా సగం మంది ఎప్పుడూ ఆడకుండానే అన్నీ తెలిసినవాళ్లు. ఆట మొదలయ్యేలోగా ఆ కొట్టు దగ్గర తేలవలసిన సంగతి ఒక్కటే: బలమైన టీము బలహీనమైన టీముకు ఎన్ని గోల్సు ఇస్తుంది?

ఇవ్వడమంటే నిజంగా ఇచ్చేస్తారని కాదు. రెండు టీములకూ పొంతన లేనప్పుడు ఎవరు గెలుస్తారని పందెం కాయడంలో రుచి ఏముంది? అందుకని బలం లేనివాళ్ల చేతిలో ముందే మూడో నాలుగో గోల్సు పెట్టినట్టు అనుకుంటారు. నాలుగు ఇచ్చారంటే అయిదు తేడాతో గెలిస్తేనే గెలుపు. పందెంలో డబ్బు మాటే లేదు, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు వంజరం చేప వేపుడు తినిపించాలి, అంతే. ఆ నంబరు చెప్పే మనిషి మాత్రం ఒక్కడే. అతను నోరు విప్పేదాకా ఎవరూ మాట్లాడరు. విప్పాక మిగతావాళ్లు అటో ఇటో చేరతారు.

పద్దెనిమిదేళ్లపాటు ఆ ఒక్కడు బెన్సన్.

బెన్సన్ పోర్టులో టాలీ క్లర్కు. ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం అతని పని. ఇల్లు వన్ టౌన్‌లో, చర్చి సందులో. కాలేజీ రోజుల్లో గోల్‌కీపరుగా నాలుగు జిల్లాల్లో పేరు మోగిందని అతనే చెప్తాడు. రెండు జిల్లాలన్న మాట నిజం. మోకాలు దెబ్బతిన్నాక ఆట పోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, కూతురు పుట్టింది. ఇన్నింటి మధ్యా అతనికి గౌరవంగా మిగిలింది టీ కొట్టు దగ్గర ఆ నంబరు. ఏడాదికి మూడు వారాలే కావచ్చు, కానీ ఆ మూడు వారాలు లెక్చరర్లూ బ్యాంకు ఆఫీసర్లూ టీ గ్లాసు పట్టుకుని అతని నోటి వంక చూస్తూ నిలబడేవారు. మనిషికి ఇంకేం కావాలి?

రెండేళ్ల కిందట అది పోయింది. ఆ రోజు బెన్సన్ "రెండు" అన్నాడు. వెనక నుంచి దొరబాబు నింపాదిగా, "ఒకటి కూడా ఎక్కువే బావా" అన్నాడు. ఆట డ్రా అయింది. ఆ కొట్టు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. చెప్పిన నంబరుకు ఎవరైనా ఎదురు నంబరు చెప్పవచ్చు. ఫలితం ఎవరి మాటకు దగ్గరగా వస్తే ఇకమీదట నంబరు చెప్పేది వాళ్లే. అలా దొరబాబు ఎక్కాడు, బెన్సన్ దిగాడు. దిగినవాడు దిగినట్టు ఉంటే గొడవే లేదు, అదే బెన్సన్‌కు చేతకాలేదు.

దొరబాబుది జాలరిపేట. ఇప్పటికీ పడవ మీద వేటకు వెళ్తాడు. కాలేజీలో ఇద్దరూ ఒకే టీములో ఆడారు, అతను గోల్సు కొట్టేవాడు, ఇతను ఆపేవాడు. బావా అంటే బావా అనుకునే స్నేహం. అలాంటి స్నేహితుడి మీద అసూయ పడటం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది. శత్రువైతే తిట్టి ఊరుకోవచ్చు. దొరబాబు ఎదురుపడితే నవ్వాలి, పక్కన కూర్చోవాలి, అతని మాటకు తల ఊపాలి, లోపల మాత్రం కడుపు మండుతూనే ఉంటుంది.

నంబరు ఒక్కటే పోయి ఉంటే బెన్సన్ ఎలాగో సర్దుకునేవాడేమో. ఏడాది కిందట కూతురు కూడా అటే పోయింది.

ఎవాంజలిన్ వన్ టౌన్ అమ్మాయిల కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇంట్లో ఎవా అంటారు. తండ్రి పొడుగు వచ్చింది, తండ్రి చేతులు వచ్చాయి, గోల్‌కీపరైంది. బెన్సన్ పొంగిపోయి చర్చి ఆవరణలో పొద్దున్నే నేర్పడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండానే అది ఆగిపోయింది. బంతి ఒకసారి వేసి పదిసార్లు తిట్టేవాడు. పట్టుకుంటే "నా రోజుల్లో ఒంటిచేత్తో పట్టేవాణ్ని" అనేవాడు, వదిలేస్తే అసలు ఊరుకునేవాడు కాదు. ఒక సాయంత్రం వంటింట్లో ఎవా తల్లి జయశీలతో అంటున్న మాట అతని చెవిన పడింది.

"డాడీ నేర్పుతుంటే బంతి కంటే డాడీ అంటేనే బయమేత్తంది మమ్మీ. నాను దొరబాబు మావయ్య దగ్గరికెల్తాను."

వెళ్లింది. వేట లేని రోజుల్లో జాలరిపేట ఇసుకలో దొరబాబు బంతులు తంతాడు, ఆమె దూకుతుంది. గోల్ కొట్టేవాడు గోల్ ఆపడం నేర్పడమేమిటని బెన్సన్ ఇంట్లో విరుచుకుపడ్డాడు. జయశీల బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "కొట్టినోడికి కదా తెలుస్తాది ఎటు కొట్టాలనిపిస్తాదో" అంది. ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. ఎందుకంటే అది నిజం. ఎవా నిజంగానే బాగా ఆడసాగింది.

ఈ ఏడు క్వార్టర్ ఫైనల్లో వన్ టౌన్ అమ్మాయిలకు ఎదురుపడింది ఉక్కు టీము. స్టీల్ ప్లాంటు వైపు కాలేజీ అది, అందరూ అలాగే పిలుస్తారు. కిందటి శనివారం వాళ్లు ఎవరినో తొమ్మిది సున్నాతో చితక్కొట్టారు. వన్ టౌన్ వాళ్లేమో అవతలి టీము రాకపోవడం వల్ల ఆడకుండానే ఇక్కడిదాకా వచ్చారు. పైగా ఒకమ్మాయికి కాలు మడతపడింది, ఇంకో ఇద్దరికి పరీక్షలు.

ఆ రోజు మూడున్నరకు కొట్టు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే గుణశేఖర్ ఫోను తీసి ఏవో నొక్కుతున్నాడు.

"రెండు టీముల సీజనూ కలిపి యావరేజి తీత్తే ఆరు పాయింట్ రెండు వత్తంది" అన్నాడు.

"పాయింట్ రెండు గోలు ఎలా కొడతారు మేస్టారూ?" అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగేలోగా తలలన్నీ దొరబాబు వైపు తిరిగాయి. ఆదివారం వేటకు వెళ్లిన మనిషి ఆ మధ్యాహ్నమే ఒడ్డుకు దిగి నేరుగా ఇక్కడికి వచ్చాడు. జుట్టులో ఇంకా ఉప్పు ఉంది. టీ ఒక గుక్క తాగి, "నాలుగు" అన్నాడు.

"నాలుగేటి? ఉక్కు టీమది!"

"ఉక్కైతే ఏటి? గోల్లో ఉన్నది మన ఎవా. దాన్ని దాటి నాలుగు ఎల్తే గొప్ప."

మన ఎవా! ఎవరి ఎవా? బెన్సన్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అందరూ నిజమేనన్నట్టు తలలు ఊపుతున్నారు. ఒకాయనైతే దొరబాబు భుజం తట్టి, "పిల్లని బాగా తయారు సేసావయ్యా" అన్నాడు. కన్నవాడు మూడు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడని ఎవరికీ గుర్తు రాలేదు.

"ఏడు" అన్నాడు బెన్సన్.

పాలు కాస్తున్న సూర్యకాంతమ్మ గరిటె ఆపింది.

"ఓలమ్మ! సొంత కూతురి మీద ఏడు గోల్సేటి బాబూ?"

"కూతురైతే ఏటి? ఆట ఆటే. నాను ఉన్నమాట సెప్తన్నాను."

అంత ఘోరంగా ఓడతారని అతనికీ నమ్మకం లేదు. మనసులో అనుకున్నది అయిదు. కానీ అయిదంటే దొరబాబు మాటకు పక్కనే నిలబడినట్టుంటుంది. దూరంగా ఉండాలి, అతని మాటను కాలితో తన్నినట్టుండాలి. అందుకని ఏడు అన్నాడు. అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు అతనికి పుట్టుకతోనే లేదు.

గుణశేఖర్ తేల్చి చెప్పాడు. "అయిదు దాకా తేడా ఉంటే దొరబాబుది. ఆరు గానీ ఆపైన గానీ అయితే బెన్సన్ గారిది. ఖాయమేనా?"

ఖాయమే అన్నారు ఇద్దరూ. నంబర్లు చెప్పినవాళ్లు ఆట చూస్తూ ఒకేచోట నిలబడకూడదని అక్కడ ఇంకో కట్టుబాటు. ఎప్పుడో ఇద్దరు కొట్టుకుని సూర్యకాంతమ్మ పాలక్యాను బోర్లా పడేసినప్పటి నుంచి పెట్టుకున్నది. చెరో గోలు వెనక నిలబడాలి, ఆట అయ్యేదాకా అక్కడి నుంచి కదలకూడదు. బెన్సన్ దక్షిణం వైపు గోలు దగ్గరికి నడిచాడు, దొరబాబు ఉత్తరం వైపు.

మొదటి సగంలో ఎవా ఉత్తరం వైపు గోల్లో నిలబడింది. అంటే దొరబాబు ముందు. బెన్సన్ ముందున్న ఉక్కు గోల్‌కీపరుకు పనే లేక గ్లౌజు దారాలు లాక్కుంటూ కూర్చుంది. ఆట అంతా అవతలి చివరే. అంత దూరం నుంచి బెన్సన్‌కు బంతి సరిగా కనిపించలేదు కానీ ఒక్కటి మాత్రం బాగా కనిపించింది: ఎవా మాటిమాటికీ వెనక్కి తిరిగి దొరబాబును ఏదో అడుగుతోంది. అతను చెయ్యి చాపి ఏదో చెప్తున్నాడు. ఆమె అటు జరుగుతోంది, బంతి అటే వస్తోంది, పట్టుకుంటోంది. జనం కేకలు. బెన్సన్ పళ్లు నూరుకున్నాడు. పుట్టిన ఏడాదికి చెయ్యి పట్టుకుని నడక నేర్పింది ఎవరు? ఆ చేతులు ఎవరివి?

అయినా మూడు గోల్సు పడ్డాయి.

సగం సమయానికి టీములు వైపులు మార్చుకున్నాయి. ఎవా గ్లౌజులు సర్దుకుంటూ దక్షిణం గోల్లోకి వచ్చి, వల వెనక తండ్రిని చూసి ఆగింది.

"డాడీ, నువ్వా? ఇటే ఉన్నావా?" అంది. ముఖం విప్పారింది. పందెం సంగతి ఆ పిల్లకు తెలియదు.

"ఆట మీద సూపెట్టు" అన్నాడు బెన్సన్.

పదిహేను నిమిషాలు ఏమీ పడలేదు. ఎవా రెండుసార్లు గాల్లోకి లేచి వేళ్ల చివరలతో బంతిని బయటికి నెట్టింది. రెండోసారి బెన్సన్ నోట "శభాష్" అన్న మాట దానంతటదే వచ్చింది. ఆ మాట వెనకే మూడు దగ్గరే ఆగిపోతుందేమోనని భయం వచ్చింది. మూడు దగ్గర ఆగితే దొరబాబు చెప్పింది మరీ నిజమైపోతుంది. వచ్చే ఏడు కూడా టీ గ్లాసు పట్టుకుని ఆ ఉప్పుజుట్టు వంక చూస్తూ నిలబడాలి.

నాలుగో గోలు పడింది. బెన్సన్‌కు ముందు బాధ కలిగింది, తర్వాత లెక్క గుర్తొచ్చింది. అయిదో గోలు పడినప్పుడు లెక్క ముందొచ్చింది. కిందికి చూసుకుంటే తన కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది, గెలిచినవాడి పిడికిలిలా. గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు. కూతురు మోకాళ్ల మీద కూర్చుని మట్టి దులుపుకుంటోంది.

ఇంకా రెండు నిమిషాలుందనగా వన్ టౌన్ అమ్మాయి ఒకతె కంగారులో బంతిని చేత్తో ఆపేసింది. రిఫరీ ఈల వేసి పెనాల్టీ చుక్క చూపించాడు.

అయిదు. ఇది పడితే ఆరు. ఆపితే దొరబాబుది.

ఉక్కు టీము పదో నంబరు అమ్మాయి బంతి తెచ్చి పెట్టింది. ఆ అమ్మాయి సంగతి అతనికి తెలుసు. శనివారం ఆటను అతనూ దొరబాబూ ఒకే బల్ల మీద కూర్చుని చూశారు. ఆమె మూడు పెనాల్టీలు కొట్టింది, మూడూ తన కుడిచేతి వైపే. రెండోదానికే బెన్సన్ కనిపెట్టాడు. అతను నోరు తెరిచేలోగా, "ఈ గుంట కుడిచేతి వైపు తప్ప కొట్టదు బావా" అని దొరబాబు అనేశాడు. బెన్సన్ "ఊఁ" అని ఊరుకున్నాడు. ఇంటికెళ్లాక ఎవాకు చెప్దామనుకున్నాడు, అడగలేదు కదా అని మానేశాడు. మావయ్య చెప్తాడులే అనుకున్నాడు. మావయ్య మర్నాడే వేటకు పోయాడు.

ఈ గోలు దగ్గర ఆమె కుడిచెయ్యి అంటే సింహాచలం కొండ వైపు, ఎడమచెయ్యి అంటే సముద్రం వైపు.

ఎవా గీత మీద నిలబడి చేతులు చాపింది. మళ్లీ దించింది. వెనక్కి తిరిగింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

"డాడీ, ఎటు?"

ఏడాదిలో ఆట గురించి ఆ పిల్ల అతన్ని అడిగిన మొదటి మాట అది. అడిగింది నిజంగా తెలుసుకోవాలనే. కళ్లలో భయం లేదు, నమ్మకం ఉంది. నాలుగు అడుగుల దూరంలో, వల కన్నాల్లోంచి ఆ కళ్లు అతన్నే చూస్తున్నాయి. ఆమె భుజం మీదుగా, గ్రౌండు అవతలి చివర, దొరబాబు చిన్న చుక్కలా కనిపిస్తున్నాడు. రెండు చేతులూ ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు కూడా, వినిపించడం లేదు.

"సముద్రం వైపు" అన్నాడు బెన్సన్.

నోరు జారిందని తర్వాత తనకు తాను సర్ది చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. తెలిసే అన్నాడు.

ఎవా తల ఊపి తిరిగింది. ఈల మోగింది. పదో నంబరు పరిగెత్తుకొచ్చి తన్నింది. ఎవా సముద్రం వైపు దూకింది. ఒక్క క్షణం కూడా అనుమానించకుండా, ఒళ్లంతా చాచి దూకింది. బంతి కొండ వైపు నింపాదిగా దొర్లుకుంటూ వెళ్లి వలను తాకింది. అటు నిలబడి ఉంటే కాలితో ఆపగలిగే బంతి.

ఆరు. ఆట అయిపోయింది.

బెన్సన్ కొట్టు దగ్గరికి చేరేసరికి గుణశేఖర్ ఫోను పైకెత్తి, "ఆరు! బెన్సన్ గారిదే!" అని అరిచాడు. రెండేళ్లుగా పలకరించడం మానేసినవాళ్లు కూడా వచ్చి వీపు తట్టారు. "సొంత కూతురని కూడా సూడకుండా నంబరు సెప్పాడ్రా, అదీ మనిషంటే" అన్నారు. బెన్సన్ నవ్వుదామని చూశాడు, ముఖం సహకరించలేదు. దొరబాబు గ్రౌండు పొడవునా నడిచి వచ్చి చెయ్యి చాపాడు.

"నంబరు నీదే బావా. ఇంక నువ్వే సెప్పు" అన్నాడు. ఎకసెక్కం లేదు. ఉన్నా బాగుండేది.

ఎవా గ్లౌజులు చంకలో పెట్టుకుని వచ్చింది. మోకాళ్లు గీరుకుపోయి ఉన్నాయి.

"సారీ డాడీ. నువ్ సరిగ్గానే సెప్పావు. నాను ముందే దూకీసాను, అది సూసి ఆ పిల్ల అటు మార్చీసింది" అంది. తర్వాత దొరబాబు వైపు తిరిగి, "మావయ్యా, డాడీ సముద్రం వైపన్నాడు. నువ్వైతే ఎటనేవోడివి?" అని అడిగింది.

దొరబాబు చప్పున తలెత్తి బెన్సన్‌ను చూశాడు. శనివారం బల్ల మీద పక్కపక్కనే కూర్చున్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. దొరబాబు కళ్లలో ముందు అర్థం కాకపోవడం, తర్వాత అర్థం కావడం బెన్సన్ చూస్తూనే ఉన్నాడు. చెప్పేస్తాడు, ఇప్పుడు ఇంతమందిలో చెప్పేస్తాడు అనుకున్నాడు.

"నానూ సముద్రం వైపే అనేవోణ్ని" అన్నాడు దొరబాబు.

"సూసారా, మా డాడీకి అన్నీ తెలుసు!" అని ఎవా మురిసిపోయింది. "రేపొద్దున్న నువ్వే రా డాడీ. నువ్ ఎటంటే అటే దూకుతాను. తిట్టినా పర్లేదు."

ఏడాదిపాటు బెన్సన్ ముఖం మాడ్చుకుని తిరిగింది ఈ మాట కోసమే. నంబరు వచ్చింది, కూతురు వచ్చింది. ఊరుకుంటే చాలు, రెండూ అతనివే. కానీ రెండూ దొరబాబు ఇచ్చినవి. ఆ మనిషి ఒక్క గుక్క టీ తాగినంత తేలిగ్గా ఆ అబద్ధం ఆడేసి, బెన్సన్ పరువు బెన్సన్ చేతిలోనే పెట్టి, అటు తిరిగి సూర్యకాంతమ్మను బిస్కట్టు అడుగుతున్నాడు. మంచితనంలో కూడా ముందు వరసలో అతనే. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఆ మంటే. దొరబాబు చేతి నుంచి ఇంకొకటి పుచ్చుకోవడం బెన్సన్ వల్ల కాలేదు.

"ఆ పిల్ల ఎప్పుడూ కొండ వైపే కొడతాది" అన్నాడు.

ఎవా ఇంకా నవ్వుతూనే ఉంది. "ఏటి డాడీ?"

"కుడిచేతి వైపు తప్ప కొట్టదు. నాకు తెలుసు. శనివారమే తెలుసు. తెలిసే నీకు సముద్రం వైపని సెప్పాను."

బిస్కట్టు అందుకుంటున్న దొరబాబు చెయ్యి ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లకు మాట అందలేదు, వాళ్లు వంజరం ఎక్కడ తినాలో తేల్చుకుంటున్నారు. ఎవా ముఖంలో నవ్వు మెల్లమెల్లగా పోయింది. ఎందుకని తండ్రిని అడగలేదు. తల తిప్పి దొరబాబు వైపు చూసింది.

"నిజమేనా మావయ్యా?" అని అతన్ని అడిగింది.